పెరటి కొలనుకు గుర్రపుడెక్క తగదు

పెరటి కొలనుకు మొక్కలను ఎంపిక చేసేటప్పుడు పూల అందం కన్నా ముందు, వానాకాలంలో ఆ నీరు పొర్లి ఎటు పోతుందో చూడాలి. దక్షిణ అమెరికాకు చెందిన గుర్రపుడెక్క ఊదారంగు పూల కోసం తొట్లలో చోటు సంపాదించుకుంటున్నది. అనుకూల పరిస్థితులలో రెండు వారాలలోనే రెట్టింపు కాగల ఈ మొక్క పిలక ఒక్కటి కాలువలోకి జారినా ఊరి చెరువుకు ముప్పే. అది నీటిలోని పోషకాలను పీల్చుకుంటుందన్న వాదన నిజమే. అయితే పెరిగిన మొక్కలను ఎప్పటికప్పుడు తీసివేసినప్పుడే ఆ ప్రయోజనం దక్కుతుంది. అంత ఓపిక ఎన్ని ఇండ్లలో ఉంటుంది?

విస్తరణ శాస్త్రవేత్తలు దేశవాళీ కలువను సిఫారసు చేయడం మేలు. దుంపను బంకమట్టి నింపిన కుండీలో నాటి, మొదట తక్కువ లోతులో ఉంచి, ఆకులు పెరిగే కొద్దీ కిందికి దించాలి. రోజుకు 5, 6 గంటల ఎండ లేనిదే పూలు సరిగా రావు. పచ్చి పశువుల ఎరువు కలిపితే నీటిలో నాచు పెరుగుతుంది.