ఢిల్లీ లేఖ: రైతుకు చెప్పేవారికి చెప్పేదెవరు?

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో నివసించే తెలుగువారిలో చాలామందికి, తమ ఇళ్లకు కూతవేటు దూరంలో ఒక పురాతనమైన ఆనకట్ట ఉన్నదన్న సంగతి తెలియదు. పెద్ద పెద్ద అంగడి భవనాలకు, న్యాయస్థానాల సముదాయానికి ఎదుటి దిక్కున, ఖిర్కీ గ్రామం దాపున ఉన్న ఆ కట్టడం పేరు సత్‌పులా. పద్నాలుగవ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కట్టించినది. ఏడు ఖానాల తూముల ద్వారా వాగు నీటిని నిలిపి పొలాలకు వదలడం దాని పని. నేడు వాగూ లేదు, పొలాలూ లేవు. ఉదయపు నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగులు ఆ రాళ్లను చూస్తూ పోతుంటారు.

తుగ్లక్ అనగానే మనకు రాజధాని మార్పు, తోలు నాణేలు గుర్తుకు వస్తాయి. (నిజానికి అవి తోలువి కావు, రాగి, ఇత్తడివి. ఆ కథ వేరు.) అంతగా ప్రచారంలో లేని మరొక ప్రయోగం ఆయన చేశాడు. వ్యవసాయాభివృద్ధికి ప్రత్యేకంగా దివాన్-ఇ-కోహీ అనే శాఖను నెలకొల్పాడు. బీడు భూములు సాగులోకి రావాలని, బార్లీ పండేచోట గోధుమ, గోధుమ పండేచోట చెరకు పండాలని సంకల్పించాడు. అధికారులను నియమించి ఖజానా తలుపులు తెరిచాడు. 70 లక్షల టంకాలకు పైగా ఖర్చయినదని, ఫలితం మాత్రం నామమాత్రమని నాటి చరిత్రకారుడు బరనీ వ్రాశాడు. డబ్బు పుచ్చుకున్నవారికి సేద్యం తెలియదు. తెలిసినవారికి డబ్బు అందలేదు.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకని పాఠకులు అడుగవచ్చు. కొద్ది రోజుల క్రితం మన ప్రాంతపు ఒక విశ్వవిద్యాలయ విస్తరణ సంచాలకుడు పూసాలో సమావేశానికి వచ్చి, సాకేత్‌లో బంధువుల ఇంట దిగారు. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. ఆయన కూడా చెప్పవద్దన్నారు. సాయంత్రం సత్‌పులా దాకా నడిచి వెళ్లినప్పుడు తుగ్లక్ కథ చెప్పాను. ఆయన నవ్వి, "ఏమండీ, మాకు ఖజానా తలుపులు కూడా తెరవడం లేదు కదా!" అన్నారు. ఆ మాటలో హాస్యం కన్న వేదనే ఎక్కువ. ఈ వారం లేఖకు ఆ సంభాషణే మూలం.

వ్యవసాయ విస్తరణ అంటే పరిశోధనా క్షేత్రంలో తేలిన విషయాన్ని రైతు పొలానికి చేర్చడం, రైతు కష్టాన్ని తిరిగి పరిశోధకుడి చెవిన వేయడం. చెప్పడానికి ఒక వాక్యమే గాని, చేయడానికి ఒక వ్యవస్థ కావాలి. అమెరికాలో 1862 నాటి మారిల్ చట్టం భూదాన కళాశాలలను సృష్టించింది. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం విస్తరణ బాధ్యతను ఆ కళాశాలలకే అప్పగించింది. కేంద్రం, రాష్ట్రం, జిల్లా మూడూ కలిసి ఖర్చు భరించే ఏర్పాటు అది. సహకార విస్తరణ అన్న పేరు అందుకే వచ్చింది. శతాబ్దం దాటినా ఆ నిధికి చట్టబద్ధత ఉన్నది. విస్తరణలో పనిచేసే మధ్యస్థాయి అధికారులను రేపటి నాయకులుగా తీర్చిదిద్దే శిక్షణలు కూడా అక్కడి విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా నడుపుకుంటున్నాయి.

మనం ఆ నమూనానే తెచ్చుకున్నాము. 1960లో పంత్‌నగర్‌లో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలసింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడగా, మరుసటి సంవత్సరం లాల్ బహదూర్ శాస్త్రి ప్రారంభించారు. కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం నుంచి నిపుణులు వచ్చారు. మన అధ్యాపకులు అక్కడికి వెళ్లి చదువుకుని వచ్చారు. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు క్రింద ఉంటాయన్నారు. కానీ గొడుగు క్రిందికి మూడవది పూర్తిగా రాలేదు. గ్రామస్థాయి సిబ్బంది, వాహనాలు, రాయితీలు, అధికారం అన్నీ రాష్ట్ర వ్యవసాయ శాఖ దగ్గరే ఉండిపోయాయి. విశ్వవిద్యాలయానికి మిగిలినది సలహా, శిక్షణ, ప్రచురణ. అమెరికా విస్తరణ సంచాలకుడికి జిల్లా జిల్లాలో సైన్యం ఉంటుంది. మన సంచాలకుడికి ఉన్నది మాట మాత్రమే. ఈ తేడాను గుర్తించకుండా మన విస్తరణ నాయకత్వాన్ని గురించి ఏమి మాట్లాడినా వృథా.

ఈ లోటును కొంతవరకు పూడ్చినవి కృషి విజ్ఞాన కేంద్రాలు. మోహన్ సింగ్ మెహతా సంఘం సిఫార్సుపై మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో మొదలయింది. ఇప్పుడవి 730కి మించి ఉన్నాయి. నూటికి నూరు పాళ్లు ఖర్చు భారత వ్యవసాయ పరిశోధనా మండలిదే. కాని వాటిలో సగానికి మించి నడిపేది రాష్ట్ర విశ్వవిద్యాలయాలు. ఒక్కొక్క కేంద్రానికి మంజూరైన సిబ్బంది పదహారుగురు. జిల్లా అంతటికీ వీరే. ఇందులోనూ రెండు వర్ణాలు ఏర్పడ్డాయి. మండలి స్వయంగా నడిపే కేంద్రాలలోని శాస్త్రజ్ఞుడికి ఒక రకమైన పదోన్నతి, పింఛను. అదే పని చేసే విశ్వవిద్యాలయ కేంద్రపు శాస్త్రజ్ఞుడికి మరొక రకం. జీతం ఢిల్లీ ఇస్తుంది, ఉద్యోగి విశ్వవిద్యాలయానికి చెందినవాడు, పదవీ విరమణ భారం ఎవరిదన్న ప్రశ్నకు ఇద్దరూ రెండవవారిని చూపుతారు. ఈ అసమానతపై ఆందోళనలు జరిగాయి, పార్లమెంటు దాకా మాట వెళ్లింది. ఇటువంటి వాతావరణంలో యువ శాస్త్రజ్ఞుడు విస్తరణను జీవిత వృత్తిగా ఎంచుకుంటాడా? అవకాశం దొరకగానే బోధనకో, పరిశోధనకో బదిలీ చేయించుకుంటాడు.

ఇక శిక్షణ మాట. ఇక్కడే తెలుగువారు సిగ్గుపడవలసిన విచిత్రం ఒకటి ఉన్నది. దేశం మొత్తానికి వ్యవసాయ నిర్వహణ, విస్తరణ పాఠాలు చెప్పే సంస్థలు మన రాజేంద్రనగర్‌లోనే కొలువై ఉన్నాయి. విస్తరణ విద్యా సంస్థ 1962 నుంచి అక్కడ ఉన్నది. జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ 1976లో వచ్చింది. మేనేజ్‌ అని పిలుచుకునే జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ 1987లో ఏర్పడింది. అకాడమీ, పరిశోధనా నిర్వహణ పదవులకు రాబోయేవారి కోసం ముందుగానే నాయకత్వ శిక్షణ ఇస్తుంది. మేనేజ్ విస్తరణ అధికారులకు దూరవిద్య ద్వారా పట్టా ఇస్తుంది, ఎరువుల దుకాణదారులకు సైతం 2003 నుంచి ఏడాది పాఠ్యక్రమం నడుపుతున్నది. కాశ్మీరు నుంచి, అస్సాం నుంచి అధికారులు రైలెక్కి వచ్చి నేర్చుకుని వెళుతున్నారు. దీపం క్రింద చీకటి అన్నట్లు, ప్రహరీ గోడకు ఇవతల ఉన్న మన విశ్వవిద్యాలయాల విస్తరణ నాయకులలో ఎందరు ఆ పదవిలోకి రాకముందు అక్కడ కూర్చుని నేర్చుకున్నారు?

మా అతిథి అనుభవం వినదగినది. ఆయన ముప్పై ఏళ్లు తెగుళ్ల శాస్త్రంలో పరిశోధన చేశారు. ఆ రంగంలో సమర్థుడే. సీనియారిటీ జాబితాలో వంతు రాగానే విస్తరణ సంచాలకుడయ్యారు. బడ్జెట్ తయారీ, సిబ్బంది తగాదాల పరిష్కారం, కలెక్టరుతో సమన్వయం, పత్రికలతో మాట, దాతలకు ప్రతిపాదన వ్రాయడం, వీటిలో ఒక్కటి కూడా ఆయనకు ఎవరూ నేర్పలేదు. పదవిలో కుదురుకోవడానికి ఏడాది పట్టింది. మిగిలిన కాలం ఏడాదిన్నర. "శిక్షణకు పిలుపు వచ్చింది, కాని ప్రయాణ ఖర్చు ఏ పద్దు క్రింద రాయాలన్నది తేలేలోగా శిక్షణ ముగిసింది" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవారు ఊరకే అనలేదు.

ఒకనాడు రాష్ట్రానికంతటికీ ఒకే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉండేది. 2005లో పశువైద్యం, 2007లో ఉద్యాన శాస్త్రం వేరుపడ్డాయి. 2014లో రాష్ట్ర విభజనతో ఆ మూడూ రెండేసి అయ్యాయి. అంటే ఒకప్పుడు ఒక విస్తరణ సంచాలకుడు చూసిన పనిని ఇప్పుడు ఆరు విశ్వవిద్యాలయాలు పంచుకున్నాయి. రైతు ఇంట్లో మాత్రం వరి, మామిడి, గేదె ఒకే చూరు క్రింద ఉంటాయి. పదవులు ఆరింతలయినంత మాత్రాన నిధులు ఆరింతలు కాలేదు. రాష్ట్ర ప్రభుత్వమిచ్చే గ్రాంటులో అధిక భాగం జీతభత్యాలకు పోతుంది. మిగిలినది జాతర వంటి కిసాన్ మేళాకు, పంచాంగం ముద్రణకు సరిపోతే అదే భాగ్యం.

నిధులే లేవా అంటే ఉన్నాయి. వ్యవసాయ పరిశోధన, విద్యా శాఖకు 2024-25 కేంద్ర బడ్జెట్‌లో 9,941 కోట్ల రూపాయలు కేటాయించారు. 2007 నుంచి రాష్ట్రీయ కృషి వికాస్ యోజన ఉన్నది. 2005లో విస్తరించిన ఆత్మ పథకం ఉన్నది. అందులో తొలుత కేంద్రం నూటికి 90 పాళ్లు భరించగా, 2015 తరువాత ఆ వాటా 60కి తగ్గింది. ప్రపంచ బ్యాంకు, మండలి చెరి సగం భరించిన 1,100 కోట్ల జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా ప్రాజెక్టు క్రింద అధ్యాపకులు విదేశాలకు సైతం వెళ్లి వచ్చారు. అయితే వీటన్నిటికీ ఒక లక్షణం ఉమ్మడి. ప్రాజెక్టు ఉన్నంతకాలమే డబ్బు. 1970, 80 దశకాలలో ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచిన శిక్షణ-సందర్శన పద్ధతి అప్పు ముగియగానే సొమ్మసిల్లింది. 1998లో వచ్చిన జాతీయ వ్యవసాయ సాంకేతిక ప్రాజెక్టు 2005తో సరి. ఉన్నత విద్యా ప్రాజెక్టు గడువూ తీరిపోయింది. ప్రాజెక్టులో శిక్షణ పొందిన మనిషి మిగులుతాడు గాని, అతడు పని చేయడానికి పద్దు మిగలదు.

పైగా ఈ నిధులను తెచ్చుకోవడమే ఒక విద్య. ప్రతిపాదన ఎలా వ్రాయాలి, ఫలితాన్ని ఎలా కొలవాలి, వినియోగ ధ్రువపత్రం సకాలంలో ఎలా పంపాలి అన్నది తెలిసిన విశ్వవిద్యాలయానికే మలివిడత డబ్బు వస్తుంది. తెలియనివారి సొమ్ము మార్చి నెలాఖరున మురిగిపోతుంది. పూసాలోని కృషి అనుసంధాన్ భవన్ వరండాలలో కొన్ని రాష్ట్రాల ప్రతినిధులు తరచుగా కనిపిస్తారు. మనవారు సమావేశం ముగియగానే రైలు వేళ చూసుకుంటారు. ఢిల్లీలో కొన్నేళ్లుగా చూస్తున్నవాడిగా ఈ మాట అంటున్నాను.

ప్రభుత్వ నిధి అందని చోట ప్రైవేటు నిధి సిద్ధంగా ఉన్నది. ఇది మరింత ఆలోచించవలసిన విషయం. 2023లో వ్యవసాయ పరిశోధనా మండలి అమెజాన్ కిసాన్‌తో, బేయర్ కంపెనీతో అవగాహన ఒప్పందాలు కుదుర్చుకుంది. వాటిపై శాస్త్రజ్ఞుల లోనూ, రైతు సంఘాల లోనూ విమర్శలు వచ్చాయి. కంపెనీ డబ్బు అంటరానిదని ఈ విలేఖరి అభిప్రాయం కాదు. కాని మందు అమ్మేవాడి సొమ్ముతో పెట్టిన సభలో, ఈ మందు వద్దని చెప్పగలిగే ధైర్యం సంచాలకుడికి ఉండాలంటే, అతడి వెనుక సొంత నిధి ఉండాలి.

ఈ మాటకు మన నేలపైనే సాక్ష్యం ఉన్నది. 1997-98లో వరంగల్లు జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలను ఎవరు మరచిపోగలరు? లద్దెపురుగు విరుచుకుపడినప్పుడు రైతుకు సలహా ఇచ్చినవాడు, అప్పు ఇచ్చినవాడు, మందు అమ్మినవాడు ఒక్కడే. 2003లో జాతీయ నమూనా సర్వే జరిపిన పరిశీలనలో, దేశంలోని రైతు కుటుంబాలలో నూటికి 40 మాత్రమే ఏదో ఒక మార్గాన ఆధునిక సాంకేతిక సమాచారం పొందినట్లు తేలింది. దుకాణదారు నుంచి పొందినవారు 13 శాతం, ప్రభుత్వ విస్తరణ కార్యకర్త నుంచి పొందినవారు ఆరు శాతం కూడా లేరు. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన ఏర్పడిన రైతు సంక్షేమ సంఘం కూడా రాష్ట్రంలో ప్రభుత్వ విస్తరణ వ్యవస్థ క్షీణతను ఎత్తి చూపింది.

ఆ తరువాత ఏమీ జరగలేదని అనలేము. వ్యవసాయ విశ్వవిద్యాలయం జిల్లాలలో ఏరువాక కేంద్రాలు పెట్టింది. తెలంగాణలో అయిదు వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారి, రైతు వేదికలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రాలు వెలసి, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మార్చుకున్నాయి. గ్రామంలో ఇప్పుడు మనిషి ఉన్నాడు. అతడికి ప్రతి పంట కాలానికీ కొత్త విషయం చెప్పవలసినది విశ్వవిద్యాలయం. ఆ విశ్వవిద్యాలయపు విస్తరణ విభాగాధిపతికి కనీసం అయిదేళ్ల పదవీకాలం, పదవికి రెండేళ్ల ముందే ఎంపిక, రాజేంద్రనగర్‌లో నాయకత్వ శిక్షణ, రాష్ట్ర వ్యవసాయ బడ్జెట్‌లో చెదరని పద్దు కల్పించడానికి కొత్త చట్టం అక్కరలేదు. రెండు ముఖ్యమంత్రుల కార్యాలయాలలో రెండు ఉత్తర్వులు చాలు. కృషి విజ్ఞాన కేంద్రాల సిబ్బంది సమానతకు మాత్రం ఢిల్లీయే కదలాలి. అందుకు ఉభయ రాష్ట్రాల లోక్‌సభ సభ్యులు 42 మంది పార్టీ భేదం లేకుండా ఒక్క వినతిపత్రంపై సంతకాలు చేయలేరా? జలాల విషయంలో కలవలేరు, సరే. కృష్ణా నీటితో దీనికి పేచీ లేదు కదా.

మా అతిథి మరునాడు సాయంత్రం తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరారు. మాల్వియా నగర్ మెట్రో స్టేషను దాకా తోడు వెళ్లాను. చేతి సంచిలో సమావేశపు కాగితాలు, మేళా కరపత్రాలు ఉన్నాయి. పదవీ విరమణకు ఇంకా ఎంతకాలమని అడిగాను. ఎనిమిది నెలలన్నారు. మీ తరువాత ఎవరని అడిగాను. "ఇంకా తెలియదండీ. ఆ నెల చివరి రోజున ఉత్తర్వు వస్తుంది" అన్నారు.