విషాదవేళ సంతకాలు

సంస్కృతంలో 'సహసా' అంటే ముందువెనుకలు చూడక, హఠాత్తుగా అని అర్థం. ధర్మశాస్త్రాలలో 'సాహసం' ఒక నేరం పేరు. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట మెచ్చుకోలు అయింది. దిగులు జబ్బు పట్టిన మనిషి చేసే పనులను చూసినప్పుడు నాకు ఆ పాత అర్థమే గుర్తుకు వస్తుంది.

మా మాడుగులపల్లి ప్రాంతంలో నాతో పనిచేసిన ఒక లెక్కల మాస్టారు ఏడాదిపాటు డిప్రెషన్ మాత్రలు వాడి కోలుకున్నారు. నిద్ర పట్టింది, తరగతిలో మళ్ళీ నవ్వులు వినిపించాయి. "బాగైంది గదా, ఇంకా గోలీలెందుకు?" అన్నారు బంధువులు. జ్వరం తగ్గితే మానినట్లు ఒకనాడు మానివేశారు. మూడు నెలలకు నిద్ర పోయింది. నాలుగవ నెలలో స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టి, ఆ వారంలోనే సాగర్ ఎడమ కాలువ కింది రెండెకరాలకు బయానా పుచ్చుకున్నారు. "మనసు తేలికైంది సార్" అన్నారు నాతో. మళ్ళీ మందు వాడి తేరుకునేనాటికి ఉద్యోగమూ లేదు, పొలమూ లేదు.

లోకానికి ఆ పొలం అమ్మకమే కనిపించింది. వైద్యుణ్ణి అడగకుండా మాత్ర మానడమూ అటువంటి తొందరపాటేనని ఎవరికీ తోచలేదు.

ఇంగ్లండులో జరిగిన 'ఆంట్లర్' పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. చాలాకాలంగా మందు వాడుతూ, ఇక మానవచ్చు అనుకునేంత బాగున్న 478 మందిని 52 వారాలు గమనించారు. మందు కొనసాగించిన వారిలో 39 శాతానికి, క్రమంగా తగ్గించి మానిన వారిలో 56 శాతానికి జబ్బు తిరగబెట్టింది. అంటే మానినా బాగున్నవారూ ఉన్నారు. జీవితాంతం మింగవలసిందేనని ఎవరూ బెదిరించనక్కరలేదు. కాని ఎప్పుడు, ఎంతెంత తగ్గించాలో వైద్యుడు చెప్పాలి. ఒక్కసారిగా మానితే కొందరికి కొద్దిరోజులలోనే తలతిప్పు, నిద్రలేమి, తలలో కరెంటు కొట్టినట్లుండడం వస్తాయి. అది వేరు, వారాలో నెలలో గడిచాక మెల్లగా కమ్ముకొనే పాత దిగులు వేరు.

గీతలో అర్జునుడికి నోరెండింది, ఒళ్ళు వణికింది, గాండీవం జారింది. ఆ స్థితిలోనే బిచ్చమెత్తి బ్రతకడం మేలని తేల్చేశాడు. (అతనిది రోగమని నేననడం లేదు, పండితమిత్రులు కోపగించవద్దు.) కృష్ణుడు అందుకు సరేననలేదు. చెప్పవలసినదంతా చెప్పి, చివరి అధ్యాయంలో గాని, ఆలోచించుకొని నీ ఇష్టం వచ్చినట్లు చేయమనలేదు. ఆ వరుస నాకు ముఖ్యం.

అందుచేత ఇంట్లో ఇటువంటివారుంటే రాజీనామా, అమ్మకం, విడాకుల కాగితాలను తేరుకునేదాకా పెట్టెలో ఉంచమని బ్రతిమాలండి. వాదించి గెలవనక్కరలేదు, వాయిదా పడితే చాలు. బ్రతుకే వద్దన్న మాట వస్తే మాత్రం వాయిదా కుదరదు. ఒంటరిగా వదలక, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ వారు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ పేరు చెప్పి నవ్వుకునే మన అలవాటు వల్ల ఆ ఫోను చేయడానికి కూడా సిగ్గుపడేవారిని నేనెరుగుదును.