పట్టా వచ్చాక పడవెక్కేదెవరు?

కార్ నికోబార్‌లో పందికి జబ్బు చేస్తే ఆ కుటుంబం ఆస్తికే జబ్బు చేసినట్టు. పెళ్లికైనా, చనిపోయిన పెద్దల స్మరణలో జరిపే పండుగకైనా పందులుండాల్సిందే. కొబ్బరి పెట్టి అపురూపంగా సాకుతారు. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ మనుషులతోపాటు ఆ మందలనూ ఊడ్చుకుపోయింది. మళ్లీ పెంచుకున్నవాటిని కాపాడాల్సిన డాక్టరు మాత్రం సముద్రం దాటి చదువుకుని రావాలి.

ఎందుకంటే అండమాన్, నికోబార్ దీవుల్లో పశువైద్య కళాశాల లేదు. అక్కడి విద్యార్థి (2011 లెక్కల ప్రకారం జనాభాలో సుమారు 13 శాతమున్న తెలుగువారి బిడ్డయినా సరే) ప్రధాన భూభాగానికి వచ్చి, ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు చదవాలి. పట్టా చేతికొచ్చేసరికి ఎదుట బోలెడు దారులు: నగరంలో కుక్కల క్లినిక్, కోళ్ల కంపెనీ, మందుల కంపెనీ, పీజీ, ఆఖరికి బ్యాంకులో వ్యవసాయాధికారి కొలువు. ఈ కాలం పిల్లలకు పల్లె గిట్టదని పెద్దలు పెదవి విరవడం మామూలే.

కానీ పల్లెలన్నీ ఒకటి కావు. గుంటూరు జిల్లాలో గేదెలున్న రైతు డాక్టరును ఇంటికి పిలిపిస్తాడు, ఎంతోకొంత చేతిలో పెడతాడు. నికోబార్ గిరిజన రక్షిత ప్రాంతం. 1956 నాటి నిబంధనల కింద బయటివారు పాసు లేనిదే అడుగుపెట్టలేరు. కాబట్టి పైనుంచి వచ్చిన యువ డాక్టరు సొంతంగా బోర్డు కట్టుకునే మాటే లేదు. సర్కారీ కొలువొక్కటే గతి. ఇక 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలను కేంద్రం లక్ష పశువులకు ఒకటి చొప్పున లెక్కగట్టింది. ఆ లెక్కకు సముద్రం తెలియదు. పోర్ట్‌బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురంగా పేరు మారింది) నుంచి కాంప్‌బెల్ బే 500 కిలోమీటర్ల పైమాటే.

బయటికి చెప్పుకోని చిక్కు మరొకటుంది. మన పల్లెల్లో పందుల పెంపకమంటే చిన్నచూపు. ఆ వాతావరణంలో పెరిగి, చేతులు ఎక్కువగా గేదెల మీదే తిప్పిన కుర్రాడికి పందే ఆస్తి అయిన ఊళ్లో పనిచేయమంటే మొదటి రోజే తడబాటు. దానికి ఉపన్యాసం మందు కాదు, అలవాటే మందు.

పోర్ట్‌బ్లెయిర్‌లో 1978 నుంచి కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. పొట్టికాళ్ల నికోబారీ కోడి మీద, నికోబారీ పంది మీద అక్కడ ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. ఇంటర్న్‌షిప్‌లో ఒక నెల అక్కడ గడిపే వీలు కల్పిస్తే, ఉద్యోగానికి ముందే విద్యార్థికి ఆ దీవులు పరిచయమవుతాయి. తేల్చాల్సిందల్లా ఓడ టికెట్టు, బస ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలన్నదే.