చీలమండ బెణికినపుడు

మన బ్రూక్‌ఫీల్డ్‌లో వీధి గుంటలోనో, ఆటస్థలమందో పిల్లల కాలు మడతపడుట క్రొత్త గాదు. వెంటనే ఇంట వినవచ్చు మాట: "నూనె రాచి లాగించండి." దీనిని మేము అంగీకరింపజాలము.

పాదము లోపలికి మడతపడినపుడు చీలమండ వెలుపలివైపు సంధిబంధనములు సాగును, ఒక్కొక్కప్పుడు తెగును. అప్పుడు మర్దించి లాగినచో వాపు హెచ్చును. అంతేగాక, ఎదుగు పిల్లలలో ఎముక చివరనుండు మృదులాస్థి ఆ బంధనములకన్న బలహీనము. మనము బెణుకని తలచినది ఆ భాగము విరుగుటయే కావచ్చును. దానిని ఉపేక్షించినచో ఎముక పెరుగుదలయే చెడవచ్చును.

పుత్తూరు కట్టు మనవారికి తరతరాల నమ్మకము. దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని కట్టు ఎవరు కట్టినను, ఎముక విరిగినదో లేదో ముందు తెలియవలెను గదా! కెనడాలోని అట్టావా వైద్యులు 1992లో ప్రకటించిన సూత్రము సులభము: చీలమండ ఎముకల వెనుక అంచునగాని కొననుగాని నొక్కినపుడు నొప్పి కలిగినను, నాలుగడుగులు వేయలేకపోయినను ఎక్స్‌రే తీయింపవలెను. అంతవరకు కాలిని ఎత్తుగా నుంచి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ కొంతసేపు పెట్టుట మేలు. కట్టు బిగిసి వ్రేళ్ళు నీలమైనను, తిమ్మిరెక్కినను తక్షణమే వదులు చేయింపవలెను.

విద్యార్థులారా, ఆట తప్పునని నొప్పి దాచకుడు. తల్లిదండ్రులారా, "ఓర్చుకో" యనుటకు ముందు బిడ్డ నడువగలడో లేదో చూడుడు. కన్నడము రాదని వైద్యుని యొద్దకు వెనుదీయవలదు. బడిలో ఆ భాష నేర్చిన బిడ్డయే మీకు తోడు. మన "నొప్పి" అక్కడ "నోవు", అంతే భేదము.