పగిలిన కాయకూ పద్దు కావాలి

ఏటా అక్టోబరు వచ్చిందంటే పత్రికల్లో ఒక ఫొటో కనిపిస్తుంది. మనిషి ఎత్తుకు పెరిగిన గుమ్మడికాయ, దాని మీద చెయ్యి వేసి నవ్వుతున్న రైతు, కింద బరువు. 2025లో ఆ ఫొటో ఇంగ్లండు నుంచి వచ్చింది. హాంప్‌షైర్‌లోని లిమింగ్టన్‌లో ఉండే కవల సోదరులు ఇయాన్, స్టూవర్ట్ పేటన్‌లు పెంచిన కాయ 1,278.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. అంతకు ముందు రికార్డు అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన ట్రావిస్ గీంజర్‌ది. 2023లో ఆయన కాయ 1,246.9 కిలోలు తూగింది.

ఫలితాల పట్టిక చేతికొస్తే నా కన్ను ముందు వేరే చోటికి పోతుంది. కొన్ని బరువుల పక్కన డీఎంజీ అని మూడక్షరాలుంటాయి. దెబ్బతిన్న కాయ అని దాని అర్థం. లోపలి గుల్ల దాకా చిన్న రంధ్రం పడినా, నెర్రె విచ్చినా ఆ కాయకు బహుమతి లేదు, రికార్డు లేదు. అయినా దాన్ని కాటా ఎక్కిస్తారు. బరువు రాస్తారు, పెంచినవాళ్ల పేరు రాస్తారు, ఏ గింజ నుంచి పుట్టిందో, ఏ పుప్పొడితో కాసిందో కూడా రాస్తారు. ఓడిన కాయకు ఇంత మర్యాద ఇచ్చే వ్యవసాయం నేను ఇంకెక్కడా చూడలేదు. మన మిరప రైతుకూ పత్తి రైతుకూ ఈ మర్యాద దక్కాలన్నదే ఇక్కడ నా వాదన.

మాది గుంటూరు జిల్లా. నాన్న మిరప వేసేవాడు. ఉద్యోగాల వల్ల మేం మసాచుసెట్స్‌లో స్థిరపడ్డాం. ఇంటి వెనక నేలలో ఇక్కడి తెలుగువాళ్లందరిలాగే బీర, సొర, గోంగూర వేస్తాను. రాక్షస గుమ్మడి మాత్రం పక్క వీధి పెద్దాయన అంటించిన పిచ్చి. ఆయన రిటైరైన వడ్రంగి. ఏటా టాప్స్‌ఫీల్డ్ సంతలో జరిగే గుమ్మడి తూకానికి కాయ తీసుకెళ్తాడు. మొదటి గింజ నాకు ఆయనే ఇచ్చాడు, పైసా తీసుకోలేదు.

ఈ గుమ్మడి మన దప్పళంలోకి వచ్చే రకం కాదు. కెనడాలోని నోవాస్కోషియాలో విండ్సర్ అనే ఊళ్లో హోవర్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి పెద్ద కాయల గింజలు ఏరి, కలిపి, 'అట్లాంటిక్ జెయింట్' అన్న రకాన్ని నిలబెట్టాడు. 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్లు ప్రపంచ పోటీ గెలిచాడు. ఈ రోజు పోటీల్లో గెలిచే కాయలన్నీ దాదాపుగా ఆ వంశానివే. ఒక్క మొక్కకు సెంటున్నర, రెండు సెంట్ల నేల కావాలి. అంత తీగ మీద ఒకే ఒక్క కాయ ఉంచి మిగతా పిందెలన్నీ తుంచేస్తారు. ఊపులో ఉన్నప్పుడు కాయ రోజుకు 15, 20 కిలోలు పెరుగుతుంది. అంటే ఆ సీజను మొత్తం ఒక్క కాయ మీదే పెట్టుబడి. అది పోతే పక్కన ఇంకోటి ఉండదు.

అందుకే ఇందులో వాతావరణం మాట వచ్చినప్పుడు ఎవరూ తేలిగ్గా మాట్లాడరు.

మేలో మంచు కాటు వేస్తుంది. 2023 మే 18న న్యూ ఇంగ్లండు అంతటా గడ్డకట్టే చలి పడి యాపిల్ తోటల్లో పూత, పిందె మాడిపోయాయి. గుమ్మడి మొక్కలు ప్లాస్టిక్ గుడారాల కింద ఉన్నాయి కాబట్టి కొన్ని బతికాయి. జూన్ చివర పరాగ సంపర్కం. ముందు రోజు సాయంత్రం ఆడ మొగ్గను దారంతో వదులుగా కట్టి ఉంచి, తెల్లవారుజామున తేనెటీగల కన్నా ముందే లేచి, మగపువ్వుల రేకలు ఒలిచి, పుప్పొడిని చేత్తో అద్దుతారు. ఆ రోజుల్లో ఎండ 32 డిగ్రీలు దాటితే పిందె పసుపెక్కి రాలిపోతుంది. అందుకని పువ్వు మీద నీడ కట్టి, పక్కన ఐసు నీళ్ల సీసాలు పెట్టేవాళ్లున్నారు. తర్వాత బూడిద తెగులు, కాండం తొలిచే పురుగు. వడగళ్లు పడితే గొడుగంత ఆకులు ఒక్క పావుగంటలో చిల్లులు పడతాయి. కాయకు తిండి పెట్టేది ఆ ఆకులే. 2015లో పరిశోధకురాలు జెస్సికా సావేజ్, ఆమె సహచరులు ఈ రాక్షస రకాలను పరిశీలించి, వీటిలో ఆహారాన్ని మోసుకుపోయే కణజాలం మామూలు రకాల్లో కన్నా ఎక్కువగా ఉంటుందని తేల్చారు. మోసే దారి ఎంత పెద్దదైనా మోయడానికి సరుకు ఆకులోనే తయారుకావాలి. ఆకు చిరిగితే కాయ బరువు అక్కడే తగ్గిపోయినట్టు.

వీటన్నిటికన్నా భయపెట్టేది ఆగస్టు వాన. పది రోజులు పొడిగా ఉండి ఒక్క రాత్రిలో కుండపోతగా కురిసిందనుకోండి. వేళ్లు ఆ నీళ్లను ఆబగా లాగేస్తాయి. కాయ లోపల్నుంచి ఉబ్బుతుంది. ఎండకు బిరుసెక్కిన తోలు సాగదు. సాగకపోతే చీలుతుంది. అందుకే కాయ మీద తెల్ల దుప్పటి కప్పి తోలును మెత్తగా ఉంచుతారు, వానకు ముందు రోజుల్లో కూడా రోజూ కొలిచినట్టు నీళ్లు పెడతారు, తొడిమ దగ్గర తీగ బిగుసుకోకుండా వంపు తిప్పుతారు, కాయ జరగడానికి వీలుగా అడుగున ఇసుక పోస్తారు. ఇన్ని చేసినా చీలేది చీలుతుంది. 2023 జులైలో ఇక్కడ వానలు విడవలేదు. వెర్మాంట్‌లో ఊళ్లు మునిగాయి, మా రాష్ట్రంలో పశ్చిమాన కనెక్టికట్ నది ఒడ్డు పొలాలు కూడా మునిగాయి. మా వైపు వరద రాలేదు కానీ నేల ఆరలేదు.

ఆ ఆగస్టులో ఒక పొద్దున పెద్దాయన తోటకు వెళ్లాను. కాయ పైనుంచి నున్నగా, ఏ లోపం లేనట్టే ఉంది. రెండు కందిరీగలు మాత్రం కాయ అడుక్కి పోయి వస్తున్నాయి. వాటిని చూసి ఆయన మాట ఆపేశాడు. మోకాళ్ల మీద కూర్చుని చిన్న అద్దం ఇసుక మీదుగా లోపలికి జరిపి, టార్చి వేశాడు. పువ్వు రాలిన చోట వేలు దూరేంత నెర్రె. దాని అంచులు తడిగా, లేత నారింజ రంగులో ఉన్నాయి. కల్లు పులిసిన వాసన వచ్చింది. ఆయన కాసేపు కాయ మీద అరచెయ్యి ఆనించి ఉండి, షెడ్డులోకి వెళ్లి నోటుపుస్తకం, టేపు తెచ్చాడు. ఆ రోజు కొలతలు యథావిధిగా తీశాడు. చుట్టుకొలత, ఈ పక్క నుంచి ఆ పక్కకు, తొడిమ నుంచి కిందికి. తేదీ వేసి, ముందు రాత్రి ఎన్ని అంగుళాల వాన, ఆఖరుసారి నీళ్లు ఎప్పుడు పెట్టాడు, దుప్పటి ఎప్పుడు తీశాడు, నెర్రె ఎక్కడ, ఎంత పొడుగు అన్నీ రాశాడు. "వచ్చే ఏడు ఇదే వాన వస్తే నాకు ఈ పేజీ కావాలి" అన్నాడు. గింజ ముదిరేదాకా ఆ కాయను తీగ మీదే ఉంచి, తర్వాత కోసి గింజలు ఆరబెట్టాడు. అడిగినవాళ్లకు పంచాడు, పగిలిన కాయ గింజలని చెప్పి మరీ.

గింజకు ఇక్కడ పెట్టే పేరులోనే దాని చరిత్ర ఉంటుంది. బరువు, పెంచినవారి ఇంటిపేరు, ఏడు. '2145 మెక్‌మలన్ 2015' అంటే ఇలినాయ్‌లో 2015లో కాసిన 2,145 పౌన్ల కాయ గింజ. దాన్నుంచి తర్వాత ఎన్నో భారీ కాయలు పుట్టాయి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది అందరికీ తెలుసు. తిరుగు తపాలా బిళ్లలు అంటించిన కవరు పంపిస్తే ఉచితంగా గింజ పెట్టి పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ తెరిచిన పుస్తకం వల్ల ఏం జరిగిందో అంకెలు చెబుతాయి. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో కెనడా రైతు విలియం వార్నాక్ చూపించిన 403 పౌన్ల కాయ రికార్డు 1976 దాకా, 72 ఏళ్లు, చెక్కుచెదరలేదు. 2012లో రోడ్ ఐలండ్‌కు చెందిన రాన్ వాలస్ కాయ టాప్స్‌ఫీల్డ్‌లోనే మొదటిసారి 2,000 పౌన్లు దాటింది. ఇప్పుడు పేటన్ సోదరుల రికార్డు 2,819 పౌన్లు. అంటే వార్నాక్ కాయకు దాదాపు ఏడు రెట్లు. డిల్ గింజ సగం కారణమైతే, పగుళ్లన్నిటినీ రాసిపెట్టి పదిమందికీ చూపించిన అలవాటు మిగతా సగం అని నా నమ్మకం. దుప్పటి కప్పడం, తీగ వంచడం, ఇసుక పొయ్యడం లాంటివి ఎక్కువ భాగం ఎవరి కాయో చీలాక నేర్చుకున్నవే.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పటి రికార్డు గ్రీన్‌హౌస్‌లో పెరిగిన కాయది. పైకప్పు ఉంటే వడగళ్ల బెడద, వాన బెడద సగం తీరుతుంది. పేటన్ సోదరుల దశాబ్దాల శ్రమను నేను తక్కువ చెయ్యను. కానీ ఆరుబయట ఆకాశాన్ని నమ్ముకుని పెంచేవాళ్ల కాయ దగ్గర నేను ఇంకాసేపు ఎక్కువ నిలబడతాను.

ఇక మన ఊరి సంగతి. 2021–22 సీజనులో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ వైపు మిరప చేలను ఊడ్చేసింది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. కౌలుకు తీసుకున్న చేలో నీళ్లు నిలిచి, పావు వంతుకు పైగా చెట్లు వాలిపోయాయి. "మన చేను లెక్కలోకి రాదంటక్కా, ముప్పై మూడు శాతం పోతేనే రాస్తారంట" అన్నాడు. నిబంధన అదే. విపత్తు సాయం కింద పెట్టుబడి రాయితీ రావాలంటే కనీసం 33 శాతం పంట పోవాలి. అంతకు తక్కువ పోయినవాడు కాగితం మీద పోగొట్టుకోనివాడి కింద లెక్క. గట్టు అవతల చేను దాదాపు నిలిచింది. ఆ రైతు ఎత్తు బోదెల మీద నాటాడు, తుపాను కబురు వినగానే కాలవలు తీయించాడు. ఆ సంగతి కూడా ఎక్కడా నమోదు కాలేదు. పోయిన చేనుకూ నిలిచిన చేనుకూ మధ్య ఉన్నది ఒక గట్టు. ఆ గట్టుకు ఇటు ఏం జరిగింది, అటు ఏం జరిగింది అని రాసుకోవడం కన్నా పెద్ద పరిశోధన ఏముంటుంది?

తుపాను తర్వాత మన దగ్గర మిగిలేవి ఎకరాల అంకెలు. ఏ మండలంలో ఎన్ని వేల ఎకరాలు అన్నది పేపర్లో వస్తుంది. ఏ రకం, ఏ తేదీన నాటింది, ఏ నేలలో, వాన పడ్డాక ఎన్ని రోజులకు వాలింది, ఎవరిది ఎందుకు నిలబడింది అన్నది రైతుల నోళ్లలో ఒక సీజను నలిగి పోతుంది. నష్టాన్ని పరిహారం కోసమే లెక్కపెడతాం. నేర్చుకోవడానికి లెక్కపెట్టే అలవాటు లేదు.

అమెరికాలో గుమ్మడి పెంచేది సరదాకు, మనవాడు సాగు చేసేది బతుకుకు, రెంటినీ ఒకే గాటన కడతావా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్న. పెద్దాయన కాయ పగిలితే ఆయన వేసవి పోయింది. మా తమ్ముడి చేను పోతే కౌలు డబ్బు, పురుగుమందుల బాకీ, పిల్లల ఫీజులు పోతాయి. పైగా చేను పోయిందని పెద్దాయనలా పుస్తకంలో రాస్తే వచ్చే ఏడు కౌలు దొరకదేమో, అప్పు పుట్టదేమో అన్న భయం కూడా ఉంది. అందుకే ఆ పుస్తకంలో పేరు అక్కర్లేదు, చేను వివరాలుంటే చాలు. ఇక పోగొట్టుకునేది ఎంత పెద్దదైతే అది ఎలా పోయిందో తెలుసుకోవలసిన అవసరం అంత పెద్దది. సరదా కోసం పెంచేవాళ్లే ఇంత శ్రద్ధగా రాసుకుంటుంటే, బతుకు కోసం పండించేవాళ్లకు ఆ ఏర్పాటు చెయ్యకపోవడం మన వ్యవస్థ లోపం. రైతు తప్పు అని మాత్రం నేను అనను.

కొత్త కార్యాలయాలు కట్టమని అడగడం లేదు. తెలంగాణలో 5 వేల ఎకరాలకు ఒకటి చొప్పున రైతు వేదికలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవి ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా ఉన్నాయి. ప్రతి చోటా ఒక నోటుపుస్తకం పెట్టండి. పరిహారంతో దానికి సంబంధం ఉండకూడదు, శాతాల గీత ఉండకూడదు. నాటిన తేదీ, రకం, నేల, వాన, తెగులు, పోయింది ఎంత, నిలిచింది ఎంత, రైతు అనుకునే కారణం. అక్కడ పనిచేసే వ్యవసాయ సిబ్బంది సీజను చివర వాటిని పదిమంది ముందు చదివి వినిపించాలి. చదువుకున్న పిల్లలున్న ఇళ్లు ప్రభుత్వం కోసం ఆగనక్కర్లేదు. ఈ ఖరీఫ్‌లో మీ చేనుకో, గట్టు అవతల చేనుకో దెబ్బ తగిలితే ఆ రోజే తేదీ వేసి రాయండి.