రొయ్యకు పరీక్ష, కాలువకు మినహాయింపు

ఐరోపా సమాఖ్య 2016లో ఒక నిర్ణయం తీసుకుంది. భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకులో అంతవరకు 10 శాతానికి నమూనాలు తీసి పరీక్షించేవారు. దాన్ని ఒక్కసారిగా 50 శాతానికి పెంచింది. వాళ్లు వెతికేది యాంటీబయాటిక్ మందుల ఆనవాళ్ల కోసం. క్లోరాంఫెనికాల్ లాంటి నిషిద్ధ మందు వందకోట్ల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువ మోతాదులో దొరికినా సరుకుకు చిక్కే. ఐరోపాకు వెళ్లే రొయ్యలకైతే చెరువు పట్టకముందే నమూనా తీసి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ పత్రం లేని చెరువు సరుకు ఆ దారిన ఓడ ఎక్కదు.

పట్టుబడి రోజున అదే చెరువు నుంచి డ్రెయిన్‌లోకి వదిలే నీటిని మాత్రం ఎవరూ సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపరు. కొనే దేశం అడగదు. అమ్మే రాష్ట్రమూ గట్టిగా అడగదు. ఆర్థిక వృద్ధి, కరెంటు, విదేశీ వాణిజ్యం కలిసి ఆంధ్ర తీరాన్ని ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలంటే ముందుగా చూడాల్సింది ఈ తేడానే.

ఇదేమీ చిన్న వ్యాపారం కాదు. 2024-25లో దేశం 62 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైన సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసింది. అందులో శీతలీకరించిన రొయ్యల వాటాయే 43 వేల కోట్లు. బరువులో చెబితే 7.4 లక్షల టన్నులు, అందులో 3 లక్షల టన్నులకు పైగా ఒక్క అమెరికాకే. దేశంలో పండే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. ఉభయ గోదావరి, కృష్ణా, ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల్లో ఈ సాగు మీద ఇళ్లు లేచాయి, పిల్లల చదువులు సాగాయి, ప్రాసెసింగ్ ప్లాంట్లలో వేలాది మంది ఆడవాళ్లకు పని దొరికింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. వరి గిట్టక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అలాంటి చోట ఎకరం పొలాన్ని చెరువుగా తవ్వించిన రైతును అత్యాశాపరుడని అనగలమా?

మొదట పెంచింది టైగర్ రొయ్యని. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి దాన్ని తుడిచిపెట్టింది. అప్పులు మిగిలాయి, చెరువులు ఎండాయి. 2009లో కేంద్రం వనామీ అనే మరో రకం రొయ్య సాగుకు అనుమతి ఇచ్చాక బొమ్మ తిరగబడింది. వనామీ మన సముద్రపు ప్రాణి కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. తెగుళ్లు లేని తల్లి రొయ్యలను విదేశాల నుంచి విమానాల్లో తెప్పించి ఇక్కడి హేచరీల్లో పిల్లలు తీస్తారు. దట్టంగా వేసినా బతుకుతుంది, వంద నుంచి నూట ఇరవై రోజుల్లో పట్టుబడికి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కాస్త ఉప్పదనం ఉన్న నీటిలోనూ పెరుగుతుంది. బోరు నీటిలో కొద్దిపాటి ఉప్పు ఉంటే చాలు. దాంతో రొయ్య సముద్రపు ఒడ్డు వదిలి వరి పొలాల మధ్యకు నడిచొచ్చింది.

చెరువును పగలు చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. అసలు కథ రాత్రిది. ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకాక ఆ నాచు కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పడుతుంది. రొయ్యలు పైకి తేలాయంటే రైతు గుండె జారినట్టే, తెల్లారేసరికి చెరువు పోతుంది. అందుకే గట్టు మీద కాపలా, నీటిని చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు, కరెంటు పోతే పట్టుకోవడానికి డీజిల్ జనరేటర్. చెక్ ట్రే పైకి తీసి మేత ఎంత మిగిలిందో టార్చి లైట్ వెలుగులో చూసుకుంటూ, మోటారు చప్పుడు ఆగకుండా చెవి ఒగ్గి కూర్చుంటాడు కాపలా మనిషి.

ఆ చప్పుడు ఖరీదు లెక్కేసి చూడాలి. ఎకరం చెరువులో 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు పెట్టి రోజుకు సగటున 12 గంటలు తిప్పారనుకుంటే 70 యూనిట్ల పైమాటే. 110 రోజుల పంటకు దాదాపు 8 వేల యూనిట్లు. నెలకు 130 యూనిట్లు వాడే ఇంటికి అది ఐదేళ్ల కరెంటు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఒక్క ఎకరం, ఒక్క పంట వల్ల ఐదున్నర టన్నులు గాలిలో కలుస్తాయి. దేశంలో పుట్టే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాలిన సింగరేణి, తాల్చేరు బొగ్గు ఇలా అమెరికా పళ్లెంలోని రొయ్యలో కొంత చేరుతోంది.

ఆక్వా రైతుకు రాష్ట్రం యూనిట్ రూపాయిన్నరకు ఇస్తూ వచ్చింది. ఉత్పత్తి, సరఫరా ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. మిగతాది ఖజానా భరిస్తుంది, అంటే రొయ్య ముఖం చూడని ఇళ్లవాళ్లు కూడా భరిస్తున్నారు. చిన్న రైతుకు ఆ రాయితీ అక్కరే. కానీ ఆ రాయితీకి బదులుగా రాష్ట్రం రైతు నుంచి ఏం కోరుతోంది? మేత ఎంత పొదుపుగా వాడుతున్నాడని గానీ, నీళ్లు ఎక్కడ వదులుతున్నాడని గానీ కరెంటు బిల్లు అడగదు.

మేత సంగతీ అంతే. అందులోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది మూడో వంతుకు అటూ ఇటూ. మిగిలింది చెరువు అడుగున నల్లటి బురదగా పేరుకుంటుంది, నీటిలో అమ్మోనియాగా కరుగుతుంది. పట్టుబడి అయ్యాక ఆ నీరంతా తూము ఎత్తగానే డ్రెయిన్‌లో పడుతుంది. కింది చెరువు రైతు అదే డ్రెయిన్ నుంచి నీరు తోడుకుంటాడు. తెగులు కూడా ఆ నీటితోనే ప్రయాణిస్తుంది. పక్క రైతును ముంచిన నీరే మళ్లీ తిరిగొచ్చి తనను ముంచుతుందని డెల్టాలో అందరికీ తెలుసు, అయినా ఎవరికి వారు తూము ఎత్తక తప్పని పరిస్థితి. ఇక ప్రాసెసింగ్ ప్లాంట్ల వ్యర్థాలు వేరే. గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని పశ్చిమ గోదావరి జిల్లా తుందుర్రు పరిసర గ్రామాల జనం ఆక్వా ఫుడ్‌పార్కు మీద పోరాడారు. 2017 మార్చిలో మొగల్తూరులోని ఒక ప్లాంటులో విషవాయువు పీల్చి ఐదుగురు కార్మికులు చనిపోయారు.

అన్నిటికన్నా మొండిది ఉప్పు. వరి సున్నితమైన పైరు. నేల ఉప్పదనం కాస్త పెరిగినా దిగుబడి పడిపోతుంది. ఒక ఎకరంలో ఉప్పునీటి చెరువు తవ్వితే గట్టు పక్కన వరి రైతు పొలంలోకి ఉప్పు ఊరుతుంది. రెండు మూడేళ్లు చూసి అతనూ పొలాన్ని లీజుకు ఇచ్చేస్తాడు. అది అతని ఇష్టప్రకారం చేసిన నిర్ణయంగా లెక్కల్లో చేరుతుంది! చుట్టూ కాలువలు పారే ఊళ్లలో జనం తాగడానికి టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నారు. ఆ టిన్నుల అమ్మకం కూడా రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో వృద్ధిగానే నమోదవుతుంది.

ముందు సంపద రానివ్వండి, పర్యావరణం తర్వాత బాగుపడుతుందనే వాదన ఒకటుంది. దానికి మూలం 1991లో జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం. ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంతో మెక్సికోలో కాలుష్యం పెరుగుతుందా అన్న ప్రశ్నతో వాళ్లు మొదలుపెట్టారు. పలు దేశాల నగరాల్లో గాలిని పరిశీలించి, తలసరి ఆదాయం పెరిగేకొద్దీ గంధక పొగ మొదట పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతోందని చెప్పారు. గాలి విషయంలో అది చాలాచోట్ల నిజమైంది కూడా. అయితే పొగగొట్టానికి వడపోత బిగిస్తే గాలి కొన్నాళ్లకు తేటపడుతుంది. భూగర్భంలోకి దిగిన ఉప్పు అలా వెళ్లిపోదు. తవ్విన మట్టి, కోల్పోయిన పైపొర, ఉప్పు పట్టిన బోరు డబ్బు వచ్చాక సరిచేసుకునే వస్తువులు కావు. నాలుగు డబ్బులు వచ్చాక రైతు పట్నంలో ఫ్లాటు కొనుక్కోగలడు, ఊరి మంచినీటి చెరువును మాత్రం తిరిగి కొనలేడు. అందుకే ఈ వాదనను నమ్ముకుని డెల్టాను వదిలేయడం పొరపాటు.

చట్టాలు లేక కాదు. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీరప్రాంత నియంత్రణ పరిధిలో రొయ్యల చెరువులను తొలగించమంది. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు కూడా వద్దంది. రొయ్యల వల్ల వచ్చే ఆదాయం కన్నా జరిగే నష్టమే ఎక్కువని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి ఇచ్చిన నివేదిక ఆ తీర్పులో కీలకం. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి ఆ తీర్పు పదును తగ్గించింది. వనామీ పెంచేవారు మురుగునీటిని శుద్ధి చేసి వదలాలన్న నిబంధన పుస్తకంలో ఉంది. రెండెకరాల రైతు అందులో శుద్ధి కుంటకు చోటు ఎక్కడ చూపిస్తాడు? ఒక్కొక్కరినీ చట్టం చూపి బెదిరిస్తే లంచాల దారి తెరుచుకుంటుందే తప్ప నీరు బాగుపడదు. కొల్లేరు సరస్సు ఇందుకు సాక్ష్యం. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, 2006లో చెరువుల గట్లు పేల్చేసిన ‘ఆపరేషన్ కొల్లేరు’. ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయి. అక్కడి చేపలు పోయేది విదేశాలకు కాదు, బెంగాల్‌కు, అస్సాంకు. తప్పంతా విదేశీ వాణిజ్యానిదేనని అనేవారు ఈ సంగతీ చూడాలి.

2025 ఆగస్టులో అమెరికా భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యకు అప్పటికే యాంటీడంపింగ్ సుంకం, మన రాయితీలకు విరుగుడుగా వేసిన 5.77 శాతం సుంకం ఉన్నాయి. పోటీలో ఉన్న ఈక్వడార్‌పై అప్పట్లో 15 శాతమే ఉండేది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి పలికే కౌంట్ ధరలు పడిపోయాయి. ఎగుమతి తగ్గితే ప్రకృతికి ఊరటే కదా అని కొందరు పర్యావరణ ప్రేమికులు అనుకోవచ్చు. డెల్టాలో జరిగేది వేరు. ధర పడిన రైతు ముందు కోసుకునేది శుద్ధి ఖర్చునే. లీజు గడువు ముగిసేలోగా అప్పు తీర్చాలని ఇంకా దట్టంగా పిల్ల వేసేవారుంటారు. చెరువు వదిలేసినవారి పొలం వెంటనే వరికి పనికిరాదు. మార్కెట్ పోయినా ఉప్పు మిగులుతుంది.

ఆ సుంకాల్లో ఒక్కటీ కాలుష్యాన్ని చూసి వేసింది కాదన్నది గమనించాలి. ఐరోపా 2026 జనవరి నుంచి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల్లాంటి వాటిపై సరిహద్దు కార్బన్ రుసుమును అమల్లోకి తెచ్చింది. విశాఖ ఉక్కును ‘ఎంత బొగ్గు కాల్చావు’ అని అడుగుతుంది, రొయ్యను అడగదు. రేపు అడిగే రోజు రావచ్చు. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం మన రొయ్యపై సుంకం ఎత్తేయడానికి దారి వేసింది. కొత్త మార్కెట్లు తెరుచుకుంటున్న ఈ సమయంలోనే మన షరతులు మనం పెట్టుకోవాలి.

పరికరాలు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఎంపెడా దగ్గర చెరువుల నమోదు ఉంది, ల్యాబ్‌లు ఉన్నాయి, పట్టుబడికి ముందు నమూనా తీసే మనిషి ఉన్నాడు. అతను రొయ్యలతో పాటు ఒక సీసా చెరువు నీరు, ఒక సీసా డ్రెయిన్ నీరు కూడా తీసుకెళ్లాలి. అమ్మోనియా, ఉప్పదనం, ఆక్సిజన్ విలువలను ఊరి పేరుతో సహా పంచాయతీ గోడ మీద రాయాలి. రూపాయిన్నర కరెంటును తీసేయకుండా, ఒక డ్రెయిన్ మీద ఉన్న రైతులంతా కలిసి ఉమ్మడి శుద్ధి కుంట కట్టుకుంటే ఆ రేటు, లేకపోతే పూర్తి రేటు అనాలి. కుంటకు స్థలం, తొలి పెట్టుబడి ప్రభుత్వం పెట్టాలి; నిర్వహణకు కిలోకు కొన్ని పైసల చొప్పున ఎగుమతిదారు నుంచి వసూలు చేయాలి, రైతు ధరలో కోత పడకుండా. 43 వేల కోట్ల వ్యాపారానికి అది భారం కానే కాదు. ఏరియేటర్ల రాత్రి అవసరానికి సౌర ఫలకాలు ఒక్కటే చాలవు గానీ, నంద్యాల జిల్లా పిన్నాపురంలో లాగా పగటి కరెంటుతో నీటిని ఎగువకు తోడి రాత్రి వాడుకునే ప్రాజెక్టులు రాష్ట్రంలోనే ఉన్నాయి.

కేరళలో పొక్కాలి పొలాలున్నాయి. వానాకాలంలో వరి, తర్వాత అదే మడిలో రొయ్య. దిగుబడి తక్కువ, కాబట్టి మొత్తం డెల్టాకు అది పరిష్కారం కాదు. మంచినీటి కాలువ చివరి ఊళ్లలో, వరి ఇంకా బతికున్న చోట, కొత్త చెరువుకు అనుమతి ఆపి అలాంటి పద్ధతిని ప్రయత్నించడానికి ఇప్పటికీ వీలుంది. అంతకన్నా ముందు ఆ ఊళ్లలోని ప్రతి బోరు ఉప్పదనాన్ని ఈ వేసవిలోనే కొలిచి జాబితా బయట పెట్టాలి. మంచినీటి బోరు ఎక్కడ మిగిలిందో తెలియకుండా కొత్త చెరువుకు ఎక్కడా సంతకం పెట్టకూడదు.