చేవ ఎవరిది?

గూడూరు నుంచి పడమరగా రాపూరు దారి పడితే వెలికొండలు ఎదురొస్తాయి. అక్కడ పుట్టే ఎర్రచందనం ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. ఈ సంగతి మన యానాది పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ చెట్టు పేరెత్తగానే వాళ్లకు గుర్తొచ్చేది పోలీసు జీపు. తప్పు వాళ్లది కాదు, పాఠం చెప్పే మనది.

అసలు ఆ కర్ర సంగతేమిటి? పేరులో చందనమే గానీ వాసన ఉండదు. పైకర్ర తెల్లగా ఉంటుంది, దానికి విలువ లేదు. లోపలి చేవే సరుకు. అది ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. రాళ్ల నేలలో, తక్కువ వానలో మెల్లగా పెరగడం వల్లే అంత గట్టిదనం. ఎండిన చేవను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. చెదలు ముట్టవు. ఉలి అంచు త్వరగా మొద్దుబారుతుంది, కానీ ఒకసారి నునుపు తేలితే వార్నిష్ లేకుండానే మెరుస్తుంది. అందులోని ఎర్ర రంగు శాంటాలిన్. నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. అలలు అలలుగా ఈనె తిరిగిన దుంగకు గిరాకీ ఎక్కువ. జపాన్‌లో షామిసెన్ వాయిద్యానికి మెడను ఈ చేవతోనూ చేస్తారు. చైనాలో కుర్చీలు, బీరువాలు చేస్తారు. మన దగ్గర బొమ్మల కొలువుకు ఆడ మగ జంట బొమ్మలు చెక్కేవారు.

ఇంత తెలిసిన కర్రకు మనం కూలీలం మాత్రమే. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు వాళ్లు, అందులో మలయాళి గిరిజనులూ ఉన్నారు. దుంగ ఓడెక్కించే ఆసామి ఆ రోజు కొండ మీద లేడు. ఏనాడూ ఉండడు. పట్టుబడ్డ దుంగలను ప్రభుత్వం 2014 నుంచి అంతర్జాతీయ వేలం వేస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, వెదురు మనవని ఒప్పుకుంది, కలపను పక్కన పెట్టింది. సరే, చెట్టు కొట్టే హక్కు నేనూ అడగను. అది అంతరించే ప్రమాదంలో ఉంది.

రాత్రికి డబ్బొస్తుందని మోతకు పోయే తమ్ముళ్లకూ ఈ మాటే. ఆ మోతలో మీకు దక్కేది కేసు, వాళ్లకు దక్కేది చేవ.

అడగాల్సింది వేరే ఉంది. వేలానికి పనికిరాని చిన్న ముక్కలను అనుమతి పత్రంతో మన యువకులకు ఇవ్వండి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో తరతరాలుగా కొయ్య చెక్కేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర పని నేర్పించండి. నారుమళ్ల పని గూడేలకు అప్పగించండి. వేలం డబ్బులో అడవి అంచు గ్రామసభకు వాటా రాయండి.

ఒక బడిలో చెక్కబొమ్మ తెచ్చిన మన పిల్లవాణ్ని "ఎక్కడ కొట్టుకొచ్చావురా?" అని అడిగారు. అది వేపకర్ర బొమ్మ. వాడి తాత చెక్కాడు.